నాన్న కొన్న వారం: మార్చుకోవాలా, కొత్త క్లబ్బులో చేరాలా?

పోయిన సంక్రాంతికి పొట్టంగి ఇంట్లో జరిగిన వాదన సంగతి ఈపాటికి సాలూరు, విజయనగరం, భువనేశ్వర్ వాళ్ళందరికీ తలో రకంగా చేరే ఉంటుంది. ఒకరు చెప్పినదానికి ఇంకొకరు కలిపి చెప్పేలోగా అసలు విషయం నేనే రాసేస్తే మంచిదనిపించింది. ఇది తీర్పు కాదు. ఇంట్లో రెండోవాడిగా, చిన్నప్పటినుంచీ నాన్న పక్కన కూర్చుని చిట్టా రాసినవాడిగా నాకు తోచిన మాట, అంతే.

భోగి నాడు పాత సామాను సర్దుతుంటే నాన్న బీరువా అడుగు అరలో ఒక ప్లాస్టిక్ ఫైలు దొరికింది. 1994లో నాన్న కొన్న టైంషేరు కాగితాలు. ఊటీలో ఒక రిసార్టు, అందులో వంటగది ఉన్న గది, ప్రతి ఏడూ జూలైలో ఒక వారం, 99 సంవత్సరాలు. అంటే 2093 దాకా అన్నమాట! నాన్న పోయి ఆరేళ్ళయింది. ఆ ఆరేళ్ళలో ఎవరమూ ఆ వారం వాడలేదు, ఏటేటా కట్టాల్సిన నిర్వహణ రుసుమూ కట్టలేదు.

ఫైలు తెరిచిన పావుగంటలో మూడు పక్షాలు తయారయ్యాయి. టెక్సాస్ నుంచి వచ్చిన చిన్నాన్నగారి అబ్బాయి, "అన్నయ్యా, దీన్ని ఎక్స్‌ఛేంజ్ కంపెనీలో పెట్టి వేరే ఊరికి మార్చుకోవచ్చు, మేం అక్కడ చేసేది అదే" అన్నాడు. చెల్లి, బావ మాత్రం, "ఆ పాతది పట్టుకుని వేలాడ్డం ఎందుకు? విశాఖలో ఒక క్లబ్బువాళ్ళు పాత టైంషేరు తీసుకుని లక్ష తగ్గిస్తామంటున్నారు. ఇంకో నాలుగు లక్షలు వేస్తే పాతికేళ్ళు దేశమంతా తిరగొచ్చు" అన్నారు. అన్నయ్య ఏమీ అనలేదు. పైకప్పు కేసి చూశాడు. అక్కడ మూడు చోట్ల పెంకులు జారి, వాసం చెదపట్టి ఉంది. ఆ చూపు గురించి చివర్లో చెబుతాను.

నా మాట ముందే చెప్పేస్తాను. పాతదాన్ని మార్చుకోవడం కోసం వెంపర్లాడొద్దు. పాతది వదిలించుకోవడానికి కొత్తది అసలే కొనొద్దు. ప్రతి ఏడూ తప్పకుండా వాడుకుంటానని ముందుకొచ్చిన ఒక్కరి పేరు మీదకి దాన్ని మార్చాలి. అలాంటివాళ్ళు లేకపోతే కంపెనీకి తిరిగి ఇచ్చెయ్యాలి. ఎందుకో వివరంగా చెబుతాను.

వంతు అంటే మనకి తెలియనిదా

టైంషేరు అనగానే అదేదో పరదేశపు మాయ అనుకోనక్కర్లేదు. ఆ పేరుతో వ్యాపారం యూరప్‌లో మొదలైన మాట నిజమే. 1963లో స్విట్జర్లాండులో హాపిమాగ్ అనే సంస్థ పుట్టింది. వేసవి ఇల్లు ఒక్కరే కొనలేనివాళ్ళంతా కలిసి కొని తలా కొన్ని రోజులు వాడుకోవడం దాని పద్ధతి. కానీ కాలాన్ని పంచుకోవడం మనవాళ్ళకి పాత అలవాటే. గుళ్ళో అర్చకుల కుటుంబాలు వంతులేసుకుని పూజ చేస్తారు, ఆ వంతు కొడుక్కీ మనవడికీ వస్తుంది. చెరువు కింద రైతులకి నీటి వంతు ఉంటుంది, నా వంతు రాత్రి రెండింటికి పడితే నేను రెండింటికే పార పట్టుకు వెళ్ళాలి.

అయితే వంతులో ఒక నియమం ఉంది. వంతు తీసుకున్నవాడు పనికీ బాధ్యుడే. పూజ వంతు ఉన్నవాడు ఆ వారం నైవేద్యం తప్పించకూడదు. నీటి వంతు ఉన్నవాడు కాలవ పూడిక తియ్యడానికీ రావాలి. నేను వాడుకోలేదు కాబట్టి పూడికకి రాను అంటే ఊరు ఒప్పుకోదు. టైంషేరులో ఆ పూడిక పనే ఏటేటా కట్టే నిర్వహణ రుసుం. వెళ్ళినా కట్టాలి, వెళ్ళకపోయినా కట్టాలి. మనం దీన్ని ఇల్లూ పొలం లాంటి ఆస్తి అనుకుంటున్నాం. అది ఆస్తి కాదు, వంతు. ముందు ఈ తేడా తెలిస్తే సగం గొడవ తీరుతుంది.

నాన్న దాన్ని ఎందుకు కొన్నాడు

మన ముత్తాతలు ఉప్పూ బట్టలూ బళ్ళ మీద వేసుకుని సాలూరు నుంచి సుంకి ఘాటెక్కి వచ్చేనాటికి ఇదంతా మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాయే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడ్డాక కొండ కిందివాళ్ళు ఒక రాష్ట్రంలో, మనం ఇంకో రాష్ట్రంలో ఉండిపోయాం. కొట్టు మాత్రం కదల్లేదు. చింతపండు, పసుపు, అల్లం, చోళ్ళు. సంత రోజున తెల్లవారుజాము నుంచి దీపాలు పెట్టేదాకా నాన్న తక్కెడ దగ్గరే ఉండేవాడు. దేశియా, తెలుగు, ఒడియా మూడు భాషల్లో బేరం ఆడేవాడు. కొట్టుకి సెలవన్నది ఎరగడు.

అలాంటి మనిషి విశాఖలో సరుకు డబ్బు వసూలుకి వెళ్ళినప్పుడు, ఎవరో స్నేహితుడు ఒక హోటల్లో భోజనానికి తీసుకెళితే, అక్కడ బొమ్మలు చూసి వాయిదాల మీద ఈ వారం కొనేశాడు. ఎందుకు కొన్నావని అమ్మ అడిగితే, "లేకపోతే నేను ఈ కొట్టు వదిలి ఎప్పుడు కదులుతానే? డబ్బు కట్టేశాక ఇంక కదలక తప్పదు కదా" అన్నాడట.

జూలై వారమే ఎందుకంటే, వానాకాలంలో ఘాటు రోడ్డు మీద రాకపోకలు తగ్గి, సంత పల్చబడి, కొట్లో పని ఉండేది కాదు. ఆయనకి తీరిక దొరికేది అప్పుడే. పైగా ఆ వారం చవక. ఎందుకు చవకో అప్పుడు ఎవరమూ ఆలోచించలేదు.

మొత్తం మీద మూడుసార్లు వెళ్ళాం. మొదటిసారి 1997లో. ఏడుగురం, రెండు ట్రంకు పెట్టెలు, బియ్యం, కందిపొడి, ఆవకాయ, కిరసనాయిలు స్టవ్ కూడా. అక్కడ గ్యాసు పొయ్యి ఉందని ఎవరూ నమ్మలేదు. ఊటీలో దిగగానే అమ్మ శాలువా కప్పుకుని, "ఇంత దూరం వచ్చి మళ్ళీ మన పొట్టంగి చలే కదండీ" అంది. దేవ్‌మాలి కొండ కింద పుట్టి పెరిగినవాళ్ళకి చలీ మంచూ వింతా? దానికి నాన్న, "చలి అదేనే, కానీ ఇక్కడ కొట్టు లేదు" అన్నాడు.

ఆ మాట నేను మర్చిపోలేదు. మీరూ మర్చిపోకండి, తర్వాత పని ఉంది దానితో.

మన చేతికి వచ్చింది ఏమిటి

నాన్న పోయాక ఈ వారం ఎవరిది? ఆయన వీలునామా రాయలేదు. హిందూ వారసత్వ చట్టం 1956 ప్రకారం అమ్మకీ, అన్నయ్యకీ, నాకూ, చెల్లికీ సమాన హక్కు. కంపెనీకి ఫోన్ చేస్తే మర్యాదగానే చెప్పారు. మరణ ధృవపత్రం, తహసీల్దారు ఇచ్చే వారసుల ధృవపత్రం, పేరు ఎవరికి మార్చాలో వాళ్ళు తప్ప మిగతావాళ్ళ నిరభ్యంతర పత్రాలు, బదిలీ రుసుం కావాలి. పాత బకాయి కూడా కట్టాలి.

ఇక్కడ మనలాంటి సరిహద్దువాళ్ళకి ఒక తిప్పలు ఉంది, ఇతర కుటుంబాలవాళ్ళకీ పనికొస్తుందని రాస్తున్నాను. టైంషేరు కాగితంలో నాన్న పేరు తెలుగు పద్ధతిలో, ఇంటిపేరు ముందు, పొడి అక్షరాల్లో ఉంది. ఒడియాలో ఉన్న మరణ పత్రంలో ఇంటిపేరు చివర ఉంది, స్పెల్లింగూ వేరే. ఓటరు కార్డులో ఇంకోలా ఉంది. ఈ ముగ్గురూ ఒకే మనిషని అఫిడవిట్ రాయించాలి. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు ఉండగానే ఈ పేర్లన్నీ ఒకలా సరిచేయించుకోండి. టైంషేరు లేకపోయినా బ్యాంకు దగ్గర ఇదే గొడవ వస్తుంది.

అన్నయ్యకి భయం వేసింది ఇంకో విషయంలో. "నాన్న బాకీ కదా, మనం కట్టకపోతే పాపం కాదా, కేసు పెట్టరా?" అని. తండ్రి అప్పు కొడుకు తీర్చడం మన ధర్మం అనుకుంటాం, మంచిదే. చట్టం దృష్టిలో వారసుడి బాధ్యత తనకి వచ్చిన ఆస్తి మేరకే. తండ్రి చేసిన అప్పుని కేవలం కొడుకైనందుకు తీర్చాలన్న పాత సూత్రాన్ని 2005 సవరణ ఆ తర్వాత చేసిన అప్పులకి ఎత్తేసింది కూడా. కాబట్టి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. కానీ ఒక జాగ్రత్త ఉంది. పేరు మార్పించుకుని సంతకం పెట్టిన రోజు నుంచి అది నాన్న ఒప్పందం కాదు, మన ఒప్పందం. ఆ సంతకం పెట్టేముందే లెక్క చూసుకోవాలి.

మార్చుకుంటే ఎంత పడుతుంది

ఎక్స్‌ఛేంజ్ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. అమెరికాలో 1974లో మొదలైన ఆర్‌సీఐ లాంటి కంపెనీలు ప్రపంచమంతా వారాలని పోగేసి అటూ ఇటూ మారుస్తాయి. మన వారం వాళ్ళ దగ్గర జమ చేస్తే, దాని విలువకి తగ్గ ఇంకో ఊరి వారం ఇస్తారు. దానికి సభ్యత్వ రుసుం, మార్చుకున్నప్పుడల్లా మార్పిడి రుసుం ఉంటాయి. మన రిసార్టు వాళ్ళ జాబితాలో ఉండాలి, నిర్వహణ రుసుం బాకీ ఉండకూడదు.

విలువ దేన్నిబట్టి కడతారు? అది ఏ కాలం, గది ఎంత పెద్దది, ఆ ఊరికి గిరాకీ ఎంత, ఎంత ముందుగా జమ చేశాం, ఇవీ లెక్క. సంతలో సరుకు లాగే. మే నెల ఊటీ వారానికి జనం ఎగబడతారు. జూలైలో వాన. నాన్నకి తీరిక ఉన్న వారం లోకానికి అక్కర్లేని వారం! దాన్ని పెట్టి డిసెంబరులో గోవా అడిగితే ఎవడిస్తాడు? పిడికెడు చోళ్ళు పోసి వీశెడు నెయ్యి అడిగినట్టుంటుంది.

ఇప్పుడు అంకెలు. మన నిర్వహణ రుసుం పన్నుతో కలిపి ఏడాదికి రూ. 14,000. ఎక్స్‌ఛేంజ్ ఖర్చులు సభ్యత్వంతో కలిపి ఏటా సుమారు రూ. 9,000 వేసుకోండి. మొత్తం 23,000. ఏడు రాత్రులకి పంచితే రాత్రికి దాదాపు రూ. 3,300. ఆరేళ్ళ బకాయి 84,000 ఉంది. దాన్ని వచ్చే పదేళ్ళ మీద పంచితే ఏటా ఇంకో 8,400. అప్పుడు రాత్రికి రూ. 4,500 దాకా తేలుతుంది. గిరాకీ లేని కాలంలో, మనం అడిగిన ఊరు కాక వాళ్ళిచ్చిన ఊళ్ళో ఆ ధర పెట్టడం కంటే, ఫోన్లో చూసి నచ్చిన చోట గది తీసుకోవడం నయం కాదూ? పైగా ఒక్క ఏడు వెళ్ళకపోతే ఆ డబ్బు నీళ్ళపాలే.

మార్చుకోకుండా ఆ వారాన్ని ఊటీలోనే వాడుకుంటే? బకాయి సంగతి పక్కన పెడితే రాత్రికి రూ. 2,000. ఇది నిజంగా చవకే. అంటే ఈ వారం విలువ మారకంలో లేదు, వాడకంలో ఉంది. జూలై ఎవరికి కుదురుతుంది? ఇక్కడ బడులు ఉంటాయి, మాకు కుదరదు. టెక్సాస్ తమ్ముడి పిల్లలకి మాత్రం అప్పుడే వేసవి సెలవులు, ఇండియా వచ్చేదీ అప్పుడే. వాడు కోయంబత్తూరు దాకా విమానంలో వెళ్ళి పైకి ఎక్కగలడు. అంచేత వాడే తీసుకుంటానంటే ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు. చట్టప్రకారం వాడు వారసుడు కాడు, మనం నలుగురం రాసివ్వాలి, అంతే.

కొత్త క్లబ్బులో చేరితే

చెల్లి మాటని నేను తేలిగ్గా తీసిపారెయ్యడం లేదు. తను చెప్పిన దాంట్లో నిజం ఉంది. "నువ్వు కోరాపుట్లో ఉన్నావు, కిటికీ తీస్తే కొండ కనిపిస్తుంది. మేం విశాఖలో అపార్టుమెంటులో ఉంటున్నాం. బావకి ఉద్యోగం, నాకు ఉద్యోగం. ముందే డబ్బు కట్టి పెట్టుకోకపోతే మేం ఎప్పటికీ కదలం" అంది. నాన్న అమ్మతో అన్న మాటా ఇదే కదా. పిల్లలున్న ఇంటికి వంటగది ఉన్న శుభ్రమైన గది, ఆటస్థలం, ఎక్కడికెళ్ళినా ఒకే తీరు సదుపాయం, ఇవన్నీ సుఖాలే. 1996లో మొదలైన క్లబ్ మహీంద్రా పాతికేళ్ళ సభ్యత్వంతో ఎన్నో మధ్యతరగతి కుటుంబాలకి ఏడాదికో ప్రయాణం అలవాటు చేసింది. అందులో తృప్తిగా తిరిగినవాళ్ళు మన బంధువుల్లోనే ఉన్నారు. పాత టైంషేరులా ఒకే ఊరికీ ఒకే వారానికీ కట్టిపడెయ్యకుండా రంగుల కాలాలు, గది సైజులు పెట్టి ఎక్కడైనా వాడుకోనివ్వడం క్లబ్బుల్లో నిజమైన మెరుగు.

అయినా ఈ బేరం వద్దంటాను. బావతోపాటు నేనూ ఆ క్లబ్బువాళ్ళ సమావేశానికి వెళ్ళాను, పేరు అనవసరం. మూడు గంటలు కూర్చోబెట్టారు. ధర కాగితం మీద రాసి చూపించారు, కాగితం ఇంటికి ఇవ్వలేదు. లక్ష తగ్గింపు ఇవాళ సంతకం పెడితేనే అన్నారు. నేను సంత మనిషి కొడుకుని. రేపు ఉండని ధర ఇవాళ కూడా నిజమైన ధర కాదని నాకు తెలుసు. పాతది తీసుకుంటాం అన్నారు గానీ, ఎవరి పేరు మీదకి తీసుకుంటారు, పాత కంపెనీ బకాయి ఎవరు కడతారు అని అడిగితే, "అది తర్వాత చూద్దాం సార్" అన్నారు. అంటే పాతది మన మెడకే ఉంటుంది, పైన కొత్తది ఎక్కుతుంది. లక్ష అన్నది మన పాత వారానికి కట్టిన విలువ కాదు, మనల్ని కుర్చీలో కూర్చోబెట్టడానికి వేసిన ఎర.

లెక్క కూడా చూడండి. నాలుగు లక్షలు బ్యాంకులో 7 శాతం వడ్డీకి వేస్తే ఏడాదికి 28,000 వస్తుంది, అసలు కదలదు. క్లబ్బు ఏటా అడిగేది 20,000, దాని మీద జిఎస్టీ 18 శాతం, వెరసి 23,600. ఈ రెండూ కలిపితే 51,600. ఏడు రాత్రులకి రాత్రికి రూ. 7,370. రైలూ కారూ తిండీ వేరే. పాతికేళ్ళయ్యాక బ్యాంకులో నాలుగు లక్షలు మిగిలే ఉంటాయి, క్లబ్బులో ఏమీ మిగలదు. ఏటా కట్టేది ఐదు శాతం చొప్పున పెరిగితే పదిహేనేళ్ళలో రెట్టింపు. బయట గది ధరలూ పెరుగుతాయి కదా అని బావ అన్నాడు, నిజమే. కానీ బయట ధర పెరిగితే ఆ ఏడు నేను మానేస్తాను. క్లబ్బులో మానెయ్యడానికి లేదు.

ఒప్పందం నకలు అడిగి తెచ్చుకుని చదివాను. "లభ్యతను బట్టి" అన్న మాట పేజీకొకసారి తగిలింది. పిల్లలకి సెలవులు దసరాకీ, సంక్రాంతికీ, వేసవికీ. అప్పుడే ఊరంతా బయల్దేరుతుంది. ఆ రోజుల్లో దొరకని గది మనకెందుకు?

సంతకం పెట్టేవాళ్ళకి రెండు మాటలు

బయటి దేశాల్లో ఈ వ్యాపారానికి కళ్ళెం ఉంది. యూరప్‌లో సంతకం పెట్టాక 14 రోజుల్లోపు కారణం చెప్పకుండా వెనక్కి తీసుకోవచ్చు. మనవాళ్ళు ఎగబడే ఓర్లాండో ఉన్న ఫ్లోరిడాలో 10 రోజులు. అమెరికాలో ఉన్న మన పిల్లలు ఇంకో సంగతి తెలుసుకోవాలి. అక్కడ పెద్దవాళ్ళ టైంషేరు వారసత్వంగా వస్తే వద్దని రాసిచ్చే వీలుంది. అక్కడి పన్ను చట్టం లెక్కలో అది 9 నెలల్లోపు చెయ్యాలి, ఈలోగా ఒక్కసారి కూడా దాన్ని వాడుకుని ఉండకూడదు. ఒక్క వారం సరదాగా వెళ్ళొద్దాం అనుకుంటే ఆ దారి మూసుకుపోతుంది.

మన దగ్గర టైంషేరుకి ప్రత్యేకంగా చట్టం లేదు. వెనక్కి తీసుకునే గడువు ఒప్పందంలో ఉంటేనే ఉన్నట్టు. అందుకే ఆ పేజీ ముందు చదవాలి. మోసం జరిగిందనుకుంటే 2020 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చెయ్యొచ్చు. కంపెనీ ఆఫీసు ఏ ముంబైలోనో ఉన్నా సరే, కోరాపుట్ జిల్లా కమిషన్ చాలు. ఐదు లక్షల లోపు అయితే రుసుం కూడా లేదు. ఇంకోటి, సెలవులు వాడుకోకపోతే డబ్బు వడ్డీతో తిరిగి ఇస్తామనేవాళ్ళు ఎదురైతే అక్కడినుంచి లేచి వచ్చెయ్యండి. హాలిడే ప్లాన్ల పేరుతో డబ్బు పోగేసిన రాయల్ ట్వింకిల్ స్టార్ క్లబ్ విషయంలో 2015లో సెబీ, అది అనుమతి లేని సామూహిక పెట్టుబడి పథకమని తేల్చి డబ్బు తిరిగి ఇమ్మంది. సెలవు అంటే సెలవే, ఫిక్సెడ్ డిపాజిట్ కాదు.

ఇక అన్నయ్య చూసిన పైకప్పు

మనకి ఇంకో టైంషేరు ఉంది, ఎవరమూ ఆ పేరుతో పిలవం. అది పొట్టంగి ఇల్లు. సంక్రాంతికి మేం, దసరాకి భువనేశ్వర్ వాళ్ళు, జూలైలో తమ్ముడి పిల్లలు వచ్చిపోతుంటారు. అందరికీ వారాలు ఉన్నాయి. నిర్వహణ రుసుం మాత్రం ముప్ఫై ఏళ్ళుగా ఒక్క అన్నయ్యే కడుతున్నాడు. పెంకులు, సున్నం, నూతి మోటారు, కరెంటు బిల్లు, ఇంటి పన్ను. మనలో ఎవరైనా ఒక్క ఏడు అడిగామా, "అన్నయ్యా, నా వంతు ఎంత?" అని? ఊటీ కంపెనీకి ఆరేళ్ళ బాకీ అని కంగారు పడ్డాం. అన్నయ్యకి ఎన్నేళ్ళ బాకీ ఉన్నామో ఎవరం లెక్క కట్టలేదు. ఈ మాట ముందు నాకే తగులుతుంది. నేను ఉన్నది కోరాపుట్లో, బస్సెక్కితే చేరిపోయే దూరం.

విశాఖ నుంచి, భువనేశ్వర్ నుంచి కార్లేసుకుని జనం ఇప్పుడు మన కొండలు చూడ్డానికి వస్తున్నారు. 1,672 మీటర్ల దేవ్‌మాలి మీద తెల్లారగట్ల మబ్బులు చూడ్డానికి రాత్రంతా ప్రయాణం చేస్తారు. మనం ఆ కొండ కింద ఇల్లు ఉంచుకుని, పెంకులు జారనిచ్చి, వేరే కొండ మీద గది కోసం నాలుగు లక్షలు పొయ్యడం నాకు సమ్మతం కాదు. మేస్త్రీని పిలిపించి అడిగాను. వాసాలు మార్చి, కప్పు తిరగేసి, వెనక స్నానాల గది కట్టించడానికి ఆ నాలుగు లక్షల్లో సగం పైచిలుకు అవుతుందన్నాడు.

చెల్లి దీనికి ఒక మాట అంది, దానికి నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. "పొట్టంగి వస్తే మీకు సెలవు అన్నయ్యా. అమ్మకీ వదినకీ నాకూ పొయ్యి దగ్గర ఇరవై మందికి వంట. మేం ఊటీలోనే సుఖపడ్డాం" అంది. నాన్న చెప్పిందే మళ్ళీ వేరే నోట విన్నాను. చలి అదే, కానీ అక్కడ కొట్టు లేదు. ఆడవాళ్ళకి ఇంట్లో పొయ్యే కొట్టు. కొట్టు మూయకుండా సెలవేమిటి?

కాబట్టి కప్పు ఒక్కటే వేయిస్తే చాలదు. నా ప్రతిపాదన ఇది. ఒకటి, ఇంటి నిర్వహణకి ప్రతి శాఖా ఏడాదికి రూ. 6,000 ఉగాది లోపు అన్నయ్య ఖాతాలో వెయ్యాలి. వచ్చినా రాకపోయినా సరే, వంతు అంటే వంతే. రెండు, అందరం కలిసే రోజుల్లో ఆ డబ్బులోంచే వంటమనిషిని పెట్టాలి. కుదరని పూట మగవాళ్ళు వండాలి, నేను పప్పుచారు బాగానే చేస్తాను. మూడు, ఊటీ వారం విషయంలో బకాయి తగ్గించమని కంపెనీకి ఉత్తరం రాస్తాను. తగ్గిస్తే, తమ్ముడు తీసుకుంటానంటే, వాడి పేరు మీద పెడదాం. లేదంటే తిరిగి తీసుకున్నట్టు, బాకీ ఏమీ లేదని కాగితం రాయించుకుని వదిలేద్దాం. నాలుగు, చెల్లీ బావా పిల్లల్ని తీసుకుని ఎక్కడికైనా వెళ్ళాలి. క్లబ్బుకి కట్టే ఏడాది డబ్బుతో వాళ్ళకి నచ్చిన చోట, నచ్చినప్పుడు, వంట చెయ్యనక్కర్లేని హోటల్లో ఉండి రావాలి. అది నేను చెప్పాల్సిన పని కాదు గానీ, నాన్న ఉంటే ఆయనే పంపేవాడు.

నాన్న గుర్తుగా ఆ టైంషేరు ఉంచుకోవాలి అన్నవాళ్ళకి ఒక్క మాట. గుర్తు ఆ ఒప్పందంలో లేదు. ఫైల్లో కాగితాల వెనకాల 1997 ఫోటో ఒకటి దొరికింది. రిసార్టు వరండాలో నాన్న కుర్చీలో కూర్చుని పగటి పూట నిద్రపోతున్నాడు. ఆయన పగలు నిద్రపోగా నేను చూసింది ఆ ఒక్క వారమే. దాన్ని పటం కట్టించి పొట్టంగి ఇంట్లో కొట్టు గుమ్మం ఎదురుగా పెట్టమని అన్నయ్యకి ఇచ్చాను. దానికి రుసుం లేదు.

మీ అభిప్రాయాలు ఫోన్లో చెప్పండి. కాదనేవాళ్ళు లెక్కతో కాదనండి, వింటాను. మేస్త్రీ మాత్రం వానలు పడకముందే పని మొదలెట్టాలంటున్నాడు.